ఏడు గుర్రాలు, ఒక కాటా

5 ఏప్రిల్ 1962, గురువారం. హిందూపురం. ఉగాది.

ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరితే లోకం మునుగుతుందన్నారు. మునగలేదు. సైన్సు మాస్టరును కదా, నాకు ముందే తెలుసు. అయినా రెండు రోజులు సెలవు పెట్టాను.

ఈ శుభకృత్ సంవత్సరం నుంచి ఊరికి నిజం చెప్పబోతున్నాను. ఇక్కడ ప్రతి మెకానిక్కూ పాత ఆయిల్ ఇంజను సిలిండరు తొలిచి, పెద్ద పిస్టన్ వేసి, ఐదు గుర్రాల బలమున్నది ఏడయిందంటాడు. కొనేవాడు నమ్మాలి, లేదా దేవుడికి మొక్కుకోవాలి. ఇకమీదట మా పెరట్లోకి రావచ్చు. ఇంజను బలం కొలిచే డైనమోమీటరు సిద్ధం. చక్రానికి రెండు కొయ్య దిమ్మెలు, వాటికి పొడుగాటి చేయి, చేయి చివర స్ప్రింగు కాటా. ఇంజను ఎంత బలంగా లాగితే సూది అంత దిగుతుంది. మిగిలింది లెక్క. పరీక్షకు రెండు రూపాయలు.

కాటా చింతపండు మండీ అంజనప్ప ఊరికే ఇచ్చాడు. కిలోలు వచ్చాక వీశెల కాటా ఆయనకు అక్కరలేదట. "రైతుల దగ్గర సరుకు కొనిందంతా దీంతోనే సార్. ఇన్నేండ్లలో ఒక్కదినం గూడా నాకు నష్టం తేలేదు" అన్నాడు.

తీర్మానం: సూది చూపిందే రాస్తాను. చుట్టం పక్కం చూడను.

8 ఏప్రిల్, ఆదివారం.

మొదటి బేరం ఇంట్లోదే. నా బామ్మర్ది, మెకానిక్ కదిరప్ప. ధర్మవరంలో మగ్గాలకు కొయ్య కోసే ఈశ్వరప్పకు రంపం తిప్పడానికి ఏడు గుర్రాల ఇంజను కావాలి. కదిరప్ప చలికాలమంతా కూర్చుని తయారుచేశాడు. కొనేవాడి ఎదుటే పరీక్ష. లెక్క ఐదున్నర దగ్గర ఆగింది.

"ఇంకోతూరి చూడు బావా. ఏడు ఉండాది. నా చేతికి తెలుస్తాది."

"సూదికి బావలూ బామ్మర్దులూ ఉండరు కదిరప్పా" అన్నాను. మాట బాగా కుదిరింది.

ఈశ్వరప్ప బయానా వెనక్కి తీసుకుని రైలెక్కాడు. కదిరప్ప రెండు రూపాయలు అరుగు మీద పెట్టి, ఇంజను మా పెరట్లోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

11 ఏప్రిల్.

మా ఆవిడ పుష్పావతి నాతో మాట్లాడడం లేదు. అన్న తరఫున అలక. కాఫీలో చక్కెర లేదేమని అడిగితే గోడకు జవాబు చెప్పింది: "సూది చూపినంతే వేసినా."

నిజానికి ఖరీదు ఉంటుంది. భరిస్తాను.

15 ఏప్రిల్.

పెనుకొండ నుంచి మా హెడ్మాస్టరుగారి తోట ఇంజను వచ్చింది. లెక్కకు నాలుగే తేలింది. ఆయన ముఖం చూశాను. ఎండకు మనుషులే డస్సిపోతున్నారు, ఇంజను సంగతి చెప్పాలా? ఎండ దిద్దుబాటు కింద అర కలిపాను. అబద్ధం కాదు. శాస్త్రంలో దిద్దుబాట్లు ఉంటాయి. డబ్బు తీసుకోలేదు. పై అధికారి దగ్గర తీసుకుంటే బాగుండదు.

19 ఏప్రిల్.

అగళి రైతు. "దుడ్లు ముందే ఇస్తాండా సార్. అంకె కొంచెం గట్టిగా ఉండల్ల."

దుమ్ము దిద్దుబాటు. ఒకటి.

22 ఏప్రిల్.

పుష్పావతి మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుండేది.

"మా అన్న షెడ్డు మూసేసినాడు. సొంత బావే తప్పుడు పనోడని తేల్చినాక ఎవరొస్తారు? నలుగురు పిల్లోల్లను పెట్టుకొని యాడికి పోతాడు?"

ఏడుపు ఆపలేదు. పెరట్లోకి వెళ్ళి ఇంజను పక్కన కాసేపు నిలబడ్డాను. స్టార్టు చేయలేదు. లోపలికొచ్చి కాగితం మీద "ఏడు గుర్రాలు" అని రాసి సంతకం పెట్టి కదిరప్పకు పంపాను.

సాయంత్రం కాఫీలో చక్కెర ఉంది. తాగాను.

29 ఏప్రిల్.

ఆ కాగితం చూసి ఈశ్వరప్ప ఇంజను కొని పట్టుకుపోయాడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఐదున్నరకు ఏడు గుర్రాల రంపం కడితే దుంగ మధ్యలో ఆగిపోతుంది. ఇవాళ పొద్దునే ఆయన మా వీధిలో కనిపించాడు. పెనుకొండ పోయానని చెప్పమని పెరటి దారిన జారుకుంటే, సందు మలుపులో ఆయనకే ఎదురుపడ్డాను.

"మీ ఇంటికే వస్తాండా సార్. మీరు ఏడని రాసిస్తిరి, ఏడంటే ఏడే ఉండాది. తుమ్మ దుంగ గూడా ఆగకుండా కోస్తాండాది. మొదట అనుమానపడినందుకు ఏమనుకోవద్దండి."

ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి బుర్ర పనిచేయలేదు.

1 మే.

తలుపుల నుంచి మామగారు చింతపండు పంపారు, మణుగు. మణుగంటే ఎనిమిది వీశెలు. మన కాటాకు తగిలించాను. ఆరున్నర కూడా లేదు.

"మీ నాయన లెక్క కూడా మీ అన్న లెక్కే" అన్నాను.

పుష్పావతి వీధి చివరి శెట్టి కొట్టుకు పోయి తక్కెడా, సర్కారు ముద్ర వేసిన తూకపు రాళ్ళూ తెచ్చింది. చింతపండు సరిగ్గా మణుగే.

ఎనిమిదిని ఆరున్నర చేసే కాటా. రైతుల దగ్గర కొనే కాటా. అంజనప్పకు నష్టం ఎలా వస్తుంది?

లెక్క మళ్ళీ వేశాను. కదిరప్ప ఇంజను ఏడు. మొదటి నుంచీ ఏడే. సూదిని నమ్మి చెప్పిన రోజు అబద్ధం చెప్పాను. చూడకుండా రాసిన రోజు నిజం రాశాను.

2 మే.

కదిరప్ప షెడ్డుకు వెళ్ళి కాటా సంగతి చెప్పాను.

"ఏడని నేను అప్పుడే చెప్తి గదా" అన్నాడు. కోపం లేదు.

"మరి నేను ఏడని కాగితం పంపితే ఏమనుకున్నావు?"

"ఏమనుకొంటా? ఇంకోతూరి పరీక్ష చేసినావనుకొంటి. ఇంజను నీ పెరట్లోనే ఉండె గదా. చూడకుండా నువ్వు రాస్తావా బావా?"

తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియదు.

తిరిగొస్తూ అంజనప్పకు కాటా వాపసు ఇచ్చాను. ఆయన నొచ్చుకున్నాడు. "అది కొనే కాటా సార్. మీకు ఎక్కువ చూపించేది కావల్లంటే ముందే చెప్పకూడదా? అమ్మే కాటా ఇంకోటి ఉండాది."

తెచ్చుకున్నాను. కొత్తది కొనేదాకా దీంతోనే నెట్టుకురావాలి.

రేపటి నుంచి తీర్మానం మళ్ళీ మొదలు. సూది చూపిందే రాస్తాను. చుట్టం పక్కం చూడను. ఈ కాటాతో దిద్దుబాట్లు కూడా అవసరం ఉండవు. ఊరు సంతోషిస్తుంది.

రేపు కదిరప్ప మరో ఇంజను తెస్తానన్నాడు. దానికి మాత్రం ముందు శెట్టి రాళ్ళతో కాటాను సరిచూసుకోవాలి. చూడకుండా నేను రాయనని నమ్మేది వాడొక్కడే. రెండు రూపాయలూ తీసుకోవాలి.