ఒక్క సెకను గడువు

పిట్టా,

ఫోను ఎత్తడం మానేశావు గనుక ఉత్తరం రాస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వితే నాకంతకన్నా కావలసిందేముంది!

మీ అన్నయ్య ఫ్యాక్టరీలో పనిలో ఉండగా పోయి ఆరు వారాలు. ఆ ఫ్యాక్టరీలోనే యంత్రాలు ఎలా నడవాలో రాసిపెట్టేది నువ్వు, ఒక్కసారైనా ఇంటికి రాలేదు. నిన్న మేనేజరు కాగితం తెచ్చాడు. "కుర్రాడే తొందరపడి యంత్రంలోకి వెళ్ళాడమ్మా, సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. అప్పట్నుంచి ఈ చెయ్యి నాది కానట్టుంది. వాడు అన్నం దగ్గర కూడా తొందరపడేవాడు కాదు గదే! నిజమేమిటో నువ్వయినా చెప్పు.

మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

అన్నయ్య తొందరపడలేదు. తొందరపడింది నేను.

పెట్టెలు పేర్చే ఆ యంత్రం బుర్ర నీలాంటిదే. నువ్వు పాలు చూసి, కుళాయి చూసి, గుమ్మం చూసి మళ్ళీ పాల దగ్గరికొస్తావు కదా, అదీ అన్నీ ఒక చుట్టు చూసి, తర్వాతే ఏం చెయ్యాలో చెబుతుంది. చుట్టుకు రెప్పపాటు కూడా పట్టదు. ఆలస్యమైతే మొత్తం ఆపేసే కాపలా గడియారం ఒకటుంటుంది.

నేను దానికి కొత్త పనులు అంటగట్టాను. చుట్టు బరువెక్కింది, కాపలా మాటిమాటికీ యంత్రాన్ని ఆపేసేది. బరువు దించడానికి వారం కావాలి. నేను కాపలా గడువునే ఒక సెకనుకు పెంచేశాను. యంత్రం ఆగడం మానింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజు పెట్టె ఇరుక్కుంటే అన్నయ్య తలుపు తీశాడు. తీయగానే లోపల పెట్టెలు మోసే బండి ఆగాలి. బుర్ర తలుపు వంక చూసేసరికి ఆలస్యమైంది.

సోమవారం యంత్రం మళ్ళీ మొదలవుతుంది, అదే గడువుతో. చెబితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. నీకు మిగిలింది నేనొక్కదాన్నే. నీ మొహం చూడలేకే రాలేదమ్మా.

నీ పిట్ట

*

పిట్టా,

మూడుసార్లు చదివాను. అంతా రాసి ఒకటి దాచావు.

యంత్రం ఆగినప్పుడల్లా అన్నయ్య పనివేళ దాటాక కూడా అక్కడే ఉండిపోయేవాడు. నేనే నీ వెంటపడ్డాను. "ఇంజనీరమ్మా, అది ఆగకుండా చేసి వాణ్ణి వేళకి ఇంటికి పంపు" అన్నాను. నువ్వు వారం పడుతుందన్నావు. "ఇంత చదివి ఆ మాత్రం చేతకాదా?" అని ఎత్తిపొడిచాను. ఆ మాట నన్ను కోస్తుందని నువ్వు మింగేశావు. నా తప్పు కూడా నువ్వే మొయ్యకు తల్లీ. అలాగని నీ తప్పు లేదనీ అనను. అబద్ధంతో నిన్ను ఓదార్చలేను.

ఈ ఉదయం ఫ్యాక్టరీకి వెళ్ళాను. "నా సంతకం కొట్టెయ్యండి, మావాడు తొందరపడలేదు" అన్నాను.

"మరేం జరిగిందమ్మా?" అన్నాడు మేనేజరు.

"రేపు మా అమ్మాయితో వచ్చి చెబుతాం" అన్నాను.

బయటికొస్తుంటే అన్నయ్య చోట్లోకి వచ్చినవాడు కనబడ్డాడు. చేతిలో క్యారేజీ. ఎవరో తల్లి మూత బిగించి ఇచ్చుంటుంది.

ఈ ఉత్తరం గేటు కాపలా ఆయనతో పంపుతున్నాను. రేపు పొద్దున ఆ గేటు దగ్గరే ఉంటాను. ఇద్దరం కలిసే లోపలికి వెళ్దాం. ముందు నేను చెబుతాను, తర్వాత నువ్వు.

మీ అమ్మ

కడుపునిండా తిని రా.