నూట ముప్పై దగ్గరే నిలిచిన ముల్లు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా చక్కెర తప్ప. ఈ ఉదయం పరగడుపున చూస్తే మళ్లీ నూట ముప్పై. నువ్వు రాసినట్టే నీ మరదలు వంటింటి అలమరకు తాళం వేసింది. పాలు చప్పగా తాగుతున్నాను. దుకాణానికి నడిచే వెళ్తున్నాను. అక్కడ బాగుచేయమని ఇచ్చిన కాటా ఒకటెక్కి చూసుకున్నాను. ఒళ్లు తగ్గింది. చక్కెర తగ్గలేదు. డాక్టరమ్మ ఏదో జన్యు పరీక్ష అని రక్తం తీసుకుంది.

ఉంటాను.
నీ తమ్ముడు

తా.క.: బావ నిన్న పెట్టెతో దిగాడు. గాలి మార్పుకట. నేను స్నానానికి వెళ్తే నా చొక్కా జేబులు వాసన చూశాడు.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. బావను పంపింది నేనే. తిననివాడికి అంకె ఎందుకు దిగదురా? నన్ను చూడు, తీపి మానేసి ఎన్నేళ్లయిందో! మీ బావ చేతా మాన్పించాను. మా వంటింట్లో చీమ కూడా నిలవదు. నువ్వు మొహమాటస్తుడివి, మరదలు పెడితే కాదనలేవు. తాళం వేసేదీ ఆమే, తీసేదీ ఆమే, ఇక అదేం తాళం? "మా తమ్ముణ్ణి ముద్ద ముద్దకీ చంపుతున్నావు" అని నా మాటగా ఆమెతో చెప్పమని బావకు రాశాను. తాళంచెవి కూడా తీసుకోమన్నాను. ఆ అంకె వంద కిందికి దిగేదాకా మీ గడప తొక్కను.

నీ మేలు కోరే
అక్క

తా.క.: నిఘా చాలా కష్టంగా ఉందనీ, ఇంకొన్నాళ్లు ఉండక తప్పదనీ బావ రాశాడు. పాపం.

*

అక్కకు,

నమస్కారాలు. బావ ఆ మాట చెప్పాడు. అప్పటినుంచి నీ మరదలు నాకు వడ్డించడం లేదు. గిన్నెలు ముందు పెట్టి, "మీరే పెట్టుకోండి. రేపు నా పేరు రాకూడదు" అని అవతలికి వెళ్తుంది. కళ్లు తుడుచుకోవడం చూశాను. మంచినీళ్లు తాగి లేచాను.

ఫలితం వచ్చింది. రక్తంలో చక్కెర పెరిగిందని క్లోమానికి తెలిపే ఎంజైము ఒకటుందట, గ్లూకోకైనేజ్ అని. దాని జన్యువులో నాకు పుట్టుకతోనే చిన్న మార్పు ఉంది. అందుకని అది ఆలస్యంగా మేలుకుంటుంది. చక్కెర మరికాస్త పెరిగితే గాని ఇన్సులిన్ కదలదు.

"ముల్లు సున్నాకి కాస్త పైన నిలిచిపోయిన కాటాలాగా?" అని డాక్టరమ్మను అడిగాను.

"అలాగే అనుకోండి. మీరెంత కడుపు మాడ్చుకున్నా అక్కడికే వస్తుంది. మీకున్న ఈ రకానికి మామూలుగా మందులు కూడా అక్కర్లేదు" అంది.

ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుందట. తోడబుట్టినవాళ్లూ చూపించుకోవాలట.

నేను దొంగచాటుగా తినలేదు. నీ మరదలు పెట్టలేదు.

నీ తమ్ముడు

తా.క.: అలమరలో బిస్కెట్లు అయిపోయాయి. తాళంచెవి బావ దగ్గరే ఉంది. ఆయనకూ చక్కెర చూశారు. తొంభై నాలుగు.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం నమ్మలేదు. నువ్వు అబద్ధాలకోరువని తేల్చడానికే పరీక్షకు వెళ్లాను. నూట ఇరవై ఎనిమిది. పరీక్ష చేసిన పిల్లతో పోట్లాడి ఇంకోచోటికి వెళ్లాను. నూట ముప్పై ఒకటి. జన్యు పరీక్షా చేయించాను. నీదీ నాదీ ఒకటే మార్పు.

ఇంట్లో నేనొక్కదాన్నే. నాకెవరు పెట్టారని అడగను? పంచదార డబ్బా కూడా లేని వంటింట్లో చాలాసేపు కూర్చున్నాను. నీ మాట నాకు చాలలేదు. మరదలి కన్నీళ్లు చాలలేదు. చివరికి నా రక్తమే చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం వస్తున్నాను. అంకె దిగలేదు, అయినా వస్తున్నాను. నువ్వు ఎదురు రాకు. ముందు ఆమెతో మాట్లాడాలి. లోపలికి రమ్మంటే వస్తాను. లేదంటే గుమ్మం బయటే కూర్చుంటాను.

మీ ఇద్దరి
అక్క

తా.క.: బావను ఏమీ అనకు. ఇన్నేళ్లూ నాతో పాటు చప్పగా బతికాడు. నేను వచ్చేదాకా తాళంచెవి ఆయన దగ్గరే ఉండనీ.