తడి బస్తా అని ఒప్పుకున్న రోజు

అక్కకు, నీ చెల్లి సుజాత దండాలు పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ కులాసా. నువ్వు, బావ, పాప ఎలా ఉన్నారు? అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే మీ మిల్లు చప్పుడులో సగం మాటలు పోతున్నాయి, అందుకే ఈ ఉత్తరం.

ఢిల్లీలో చలి మొదలైంది. మెస్ రొట్టెలకు అలవాటు పడ్డాను గానీ నీ చేతి పులుసు మీద బెంగ తీరలేదు. ఇటు ఎవరైనా వస్తే కాస్త కందిపొడి పంపు. బాగానే తింటున్నాను, దిగులు పడకు.

డాక్టరేట్‌కి దాటాల్సిన నోటి పరీక్షకు సోమవారం రెండోసారి కూర్చున్నాను. రెండే అవకాశాలిస్తారు. ఇదీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికే. మొదటిసారి తెలియనిదాన్ని తెలిసినట్టు దబాయించి తప్పాను. మన బడిలో తెలీదంటే బెత్తం దెబ్బలే కదా, ఆ భయం పోలేదు. ముందురోజు ఆదివారం ఫోన్లో అదే చెబితే, ఆమదాలవలస మిల్లులో రోజూ ధాన్యం తేమ చూసి తీసుకునేదానివి, ఏమన్నావో గుర్తుందా?

“ఏటే, మా రైతుల్లాగ సేసినావు. అడుగున తడి ధాన్యం ఏసి మీద ఎండుది పోత్తారు. నాను బస్తాలోకి గొట్టం గుచ్చి అడుగు గింజ లాగితే బయటపడిపోతాది. బండి మొత్తం తిప్పి పంపీడమే. ముందే తడిదని సెప్తే ఆరబోయించి తీసుకుంతాం కదేటి.”

ముగ్గురు ప్రొఫెసర్లు గంటన్నర అడిగారు. చివర్లో తల నెరిసిన మేడమ్, నా పరిశోధన పద్ధతి ఇంతకు పదింతల సమాచారం వచ్చిపడితే ఎందుకు నిలబడుతుందని అడిగారు. దబాయింపు నోటి దాకా వచ్చింది. నీ గొట్టం గుర్తొచ్చింది.

“తెలియదు మేడమ్. నాకు తెలిసింది ఇక్కడి వరకే” అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “నాకూ తెలియదు. ఇంతవరకు ఎవరికీ తెలియదు. నీ థీసిస్ అక్కడ మొదలుపెట్టు” అన్నారు.

పాసయ్యానక్కా. ఇన్నాళ్ళూ కోర్సులు, మార్కులు అనుకుంటూ వచ్చాను. తీరా వీళ్ళడిగేది ప్రపంచంలో ఎవరికీ తెలియని ఒక చిన్న సంగతి. నరసన్నపేట బడిలో చదివినదాన్ని, నన్ను వెతికి తెమ్మంటున్నారు. ఇంకా నమ్మకం కుదరడం లేదు.

ఇక పేపర్లు అచ్చవ్వాలి, థీసిస్ రాయాలి, ఆఖరున అందరి ముందు నిలబడి జవాబులు చెప్పాలి. ఆ గదిలోకి ఎవరైనా వచ్చి ప్రశ్న అడగొచ్చట. పదో తరగతితో ఆగిపోయిన మా అక్క కూడానా అని మా గైడ్‌ని అడిగాను. “ఆమె అడిగినా నువ్వు జవాబు చెప్పి తీరాలి” అన్నారు.

అమ్మకు, అత్తయ్యకు నా దండాలు, పాపకు ముద్దులు. నన్ను దీవించు. ఆ రోజుకి నువ్వు రావాలి. ముందు వరసలో కూర్చో. నా బస్తాలో ఎక్కడ గుచ్చాలో నీకే తెలుసు.

నీ చెల్లి,
సుజాత