తూర్పు వాలు మీద గీత

ప్రియమైన అమ్మకి,

ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం నువ్వు చెప్పనివ్వవు. అందుకే ఉత్తరం.

విమానం అడుగున కెమెరా బిగించి, పొలం దున్నినట్టు అటూ ఇటూ వారం నుంచి అడవి మీద తిరుగుతున్నాం. ఒక ఫొటో మీద ఇంకోటి కొంత పడేలా తీస్తే, కంప్యూటరు ఎత్తుపల్లాలు లెక్కగడుతుంది. నువ్వు సర్వే ఉద్యోగంలో ఉండగా మూడేళ్ళు నడిచి గీసిన ఈ అడవి మ్యాప్ పక్కనే పెట్టుకున్నాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది, తూర్పు వాలు తప్ప. నువ్వు అక్కడ నున్నటి వాలు గీశావు. నా ఫొటోల్లో చెట్ల తలలు వరసగా కిందికి కుంగి, లోతైన గండి ఉన్నట్టుంది. దాని కిందే అడవి కాపలావాళ్ళకి ఇళ్ళు కట్టబోతున్నారు. గండి నిజమైతే పెద్ద వానకి కొండ జారి ఇళ్ళ మీద పడుతుంది. ఆ వాలు ఎక్కినప్పుడు ఏం చూశావో గుర్తు తెచ్చుకుని రాయి.

నీ గాలిపటం

నా గాలిపటానికి,

తిండి సరిగ్గా తింటున్నావా? ఆకాశంలో కూర్చుని చెట్ల నెత్తులు చూసి నేల సంగతి చెప్పే మొనగాళ్ళయ్యారన్నమాట. ఆ వాలు మీద అడవి ఒత్తుగా ఉంటుంది. కెమెరాకి ఆకులు కనపడతాయి గాని మన్ను కనపడుతుందా? కాలు పెట్టని చోట గీత గీయనిది నేనొక్కదాన్నేనని మా పెద్ద సర్వేయరు అందరి ముందూ అన్నాడు. నీ లెక్క ఇంకోసారి చూసుకో.

మీ అమ్మ

ప్రియమైన అమ్మకి,

మళ్ళీ ఎగిరి తీశాం. గండి అలాగే ఉంది. మా అధికారి ఒప్పుకోలేదు. "మీ అమ్మ నడిచి గీసిన మ్యాప్ అది. ఆకుల మీంచి తీసిన ఫొటో కోసం దాన్ని కాదనమంటావా?" అన్నారు. మనుషుల్ని పంపి వాలు ఎక్కించమంటే, ఒకసారి నడిచిన చోటికి మళ్ళీ ఎందుకన్నారు.

రెండు రోజులు మథనపడ్డాను. ఎవరి కొలతనైనా అనుమానించగలను గాని నీది అనుమానించలేను. నెలాఖరుకి నా గీత తుడిచేసి, నీ గీతే ఉంచి మ్యాప్ ఇచ్చేస్తాను.

నీ గాలిపటం

తల్లీ,

గీత తుడవకు.

ఆ వాలు నేను ఎక్కలేదు. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు, ఏడో నెల. తెలిస్తే నన్ను ఇంటికి పంపి పని ఇంకొకరికి ఇస్తారని, వదులు చొక్కాలు వేసుకుని దాచాను. మిగతా కొండలన్నీ ఎక్కాను. అది మాత్రం ఎక్కలేక ఎదురు గట్టు మీద కూర్చుని కంటికి ఆనినంత గీసేశాను. పెద్ద సర్వేయరు మెచ్చుకున్నప్పుడు కూడా నోరు విప్పలేదు. నీ మొదటి ఉత్తరం చదవగానే పొరపాటు నాదేనని అర్థమైంది. అయినా పరువు కోసం తప్పు నీ మీదికే నెట్టాను. సిగ్గుగా ఉంది.

ఇదంతా రాసి, సంతకం పెట్టి, మీ అధికారికి ఇవాళే రిజిస్టరు పోస్టులో పంపాను. కాగితం చాలదంటారేమోనని నేనే వస్తున్నాను. శుక్రవారం పొద్దున బస్సు దిగి నేరుగా మీ ఆఫీసుకే. వాలు ఎక్కడానికి మనుషుల్ని పంపేదాకా ఆయన గదిలోంచి కదలను. పంపకపోతే నేనే ఎక్కుతాను. మోకాళ్ళు మొరాయిస్తే కూర్చుంటూ లేస్తూ ఎక్కుతాను. నన్ను ఆపాలని చూడకు.

తూర్పు వాలు ఇంకా ఎక్కని,
మీ అమ్మ