తమ్ముడు చెయ్యెత్తలేదు

సోమవారం
కింది వాటా, కుట్టుమిషను పక్కనుంచి

మూడో అంతస్తులో ఉంటున్న తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మామూలుగా ఇచ్చేవాటిలో ఈసారి సగమే.

నిన్న మన బిల్డింగు సంఘం ఎన్నికలో నేను ఒక్క ఓటుతో ఓడిపోయాను. నాకు ఎనిమిది చేతులు లేచాయి, రెండో అంతస్తు లాయరమ్మకు తొమ్మిది. ఆ తొమ్మిదో చెయ్యి నీది! నా పేరు చదివినప్పుడు మెలికలు తిరుగుతూ కూర్చున్నావు, ఆవిడ పేరు చదవగానే జెండాలా లేపావు. ఆవిడ గెలిస్తే సాయంత్రం ఆరు తర్వాత మిషను తొక్కనివ్వనందని నీకు తెలుసు. ఆరు దాటాకే కదరా నాకు అసలు పని! బోర్డులు రాసుకునేవాడివి, నీకేం?

పైగా నా ఇస్త్రీపెట్టె పది రోజులుగా కనబడట్లేదు. కోటు మడత కోసమని అస్తమానం పట్టుకెళ్ళేది ఆవిడే. అందుకే నిన్న అందరి ముందూ అడిగేశాను, "ఇస్త్రీపెట్టె తిరిగివ్వని మనిషికి బిల్డింగు తాళాలిస్తారా?" అని.

ఇక నీతో మాటల్లేవు. ఉత్తరాలు మీ బావ మోస్తారు.

ఇట్లు,
ఓడిపోయిన అక్క

తా.క.: బావకు టీ ఇవ్వకు. మెత్తబడిపోతారు.


మంగళవారం

అక్కకు ఒంటిచేతి నమస్కారం.

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు, ఎడమ చేత్తో రాస్తున్నాను. నువ్వు కుట్టిచ్చిన సంచి వీపున వేసుకుని, స్నేహితులతో రెండు రోజులు కొండ ఎక్కి దిగాను కదా. దిగాక కుడి చెయ్యి నా మాట వినడం మానేసింది. నొప్పి లేదు, భుజమంతా తిమ్మిరి. మీటింగులో నీ పేరు వినగానే ఎత్తబోయాను, లేవలేదు. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని పైకి తోశాను. అది లేచేసరికి లాయరమ్మ పేరు వచ్చింది. దించేలోపు లెక్కపెట్టేశారు.

సంచి పట్టీ ఒత్తుకుని భుజంలో నరం నలిగిందని డాక్టరు అన్నాడు. సంచి ఖాళీగా ఉన్నప్పుడే బరువనిపించింది. గట్టి సరుకు బరువుగానే ఉంటుందన్నావు, నోరు మూసుకున్నాను. నెలలు పట్టొచ్చట. అందాకా నిచ్చెన ఎక్కి బ్రష్షు ఎత్తలేను. భయంగా ఉందక్కా.

నీ తమ్ముడు

తా.క.: బావకు టీ ఇవ్వలేదు. కాఫీ తాగారు.


గురువారం

బోర్డుల పెయింటరు గారికి,

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే! ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను, నా కుట్టు ఇంతవరకూ ఎవరి నరమూ నలపలేదు. బరువంతా భుజాల మీదే పడకూడదని నడుముకు పట్టీ కూడా పెట్టాను. కట్టుకున్నావా? అయినా కుడి చెయ్యి లేవకపోతే ఎడమ చెయ్యి ఎత్తొద్దని ఎవరన్నారు?

నీ గుట్టు తెలిసిపోయిందిలే. లాయరమ్మ గుమ్మం పక్క గోడ మీద వేళ్ళతో కొలతలు తీస్తున్నావని మీ బావ కళ్ళారా చూశారు. ఆవిడ పేరు బోర్డుకేగా? ఒక్క బోర్డుకి అక్కను అమ్మేశావు.

ఇట్లు,
అమ్ముడుపోయిన అక్క

తా.క.: "భయంగా ఉంది" అన్న ముక్క నాలుగుసార్లు చదివాను. నిజమైతే అన్నం పంపిస్తాను, అబద్ధమైతే పంపను. త్వరగా చెప్పు, కుక్కరు పెట్టాలి.


శుక్రవారం

అక్కా,

అవి కొలతలు కాదు, డాక్టరు చెప్పిన వ్యాయామం. వేళ్ళను గోడ మీద చీమల్లా పైకి పాకించాలి. నా గోడలన్నిటికీ తడి బోర్డులు ఆనించి ఉన్నాయి. మెట్ల పక్కన ఖాళీ గోడ ఆవిడ గుమ్మం దగ్గరే ఉంది. నడుము పట్టీ అంటావా, అది సంచిని చుట్టి కట్టడానికనుకున్నాను. ఎడమ చెయ్యి సంగతి నాకు తట్టలేదు. ఈ రెండు తప్పులూ నావే.

మూడోది మాత్రం కాదు. ఇవాళ డాక్టరు సంచి తెమ్మన్నాడు. అడుగున విడిగా ఉన్న అరకున్న జిప్పు ఆయనే తీశాడు. సంచి నిలబడడానికి ఏదో చెక్క పెట్టి కుట్టావని నేను దాన్ని ముట్టుకోనేలేదు. లోపల రెండు పాత తువ్వాళ్ళు, వాటి మధ్య నీ ఇస్త్రీపెట్టె. ఏడు కిలోలు! "కొండ మీద బట్టలు నలుగుతాయని తీసుకెళ్ళారా?" అని అడిగాడు. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

అందులో ఎవరు పెట్టారు? బావను అడిగితే కాఫీ కూడా తాగకుండా దిగిపోయారు.

నీ తమ్ముడు

తా.క.: భయం నిజమే. అన్నం పంపు.


శనివారం

నా బంగారు తమ్ముడికి,

పూర్తి ఆశీస్సులు, మొన్న ఆపిన సగంతో కలిపి.

బావను అనుమానించకు. నేనే పెట్టాను. ఎన్నికలయ్యేదాకా లాయరమ్మకు దొరకకూడదని ఎవరూ వెతకని చోట దాచాను. ఎంత బాగా దాచానంటే, దాచిన సంగతే మర్చిపోయాను, నాకే దొరకలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. చాలదన్నట్టు ఆ పిల్లను నీ వీపునెక్కించి కొండకు పంపాను. ఓటు పోతే పోయింది, నీ చెయ్యి తలుచుకుంటే ఏడుపొచ్చిందిరా. అది బాగుపడేదాకా నీ బోర్డులకు అడుగు రంగు నేనే వేస్తాను.

పొద్దున లాయరమ్మకు అంతా చెప్పేశాను. "అందరి ముందూ దొంగనన్నారు. రేపు మీటింగులో అందరి ముందూ కాదనండి. మీ క్షమాపణ చాలనుకున్నవాళ్ళు చేతులెత్తుతారు. తొమ్మిది లేస్తే మిషను ఎనిమిదిన్నరదాకా తొక్కుకోండి" అందావిడ. ఎనిమిది మంది ఉన్నారు. తొమ్మిదోవాడివి నువ్వే.

బావ చేత అన్నం పంపుతున్నాను. ఆయనకు టీ, కాఫీ, ఏం కావాలంటే అది ఇవ్వు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఎడమ చెయ్యిరా. ఎందుకైనా మంచిది, ఇవాళ్టినుంచే ఎత్తి ఉంచు.