రెండున్నర గంటల జెండా

ఏమండీ,

మీకు నమస్కారం. ఇక్కడ నేను, అమ్మాయి, అత్తయ్య ముగ్గురమూ బాగున్నాం. మీరూ అక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నారనే అనుకుంటున్నాను. కాకపోతే దాచకుండా రాయండి.

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలయింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంటి సంగతి ఏం ఆలోచించావు?" అని మీరు అడగడం, "చూద్దాం" అని నేను నసగడం జరుగుతూనే ఉంది. గని వాళ్లు మీకు కుటుంబంతో ఉండడానికి మూడు గదుల ఇల్లు ఇస్తామన్నారు. ఈ నెలాఖరులోగా తీసుకుంటారో లేదో చెప్పాలి. నాకు గుర్తుంది. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను, కానీ చివర్లో. ముందు మీరు అడిగిన మిగతావి.

అత్తయ్య మోకాళ్లు ఫర్వాలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకూ ఒక్కొక్కరిని తిట్టుకుంటూ ఎక్కుతారు. మీ వంతు మూడో అంతస్తు దగ్గర వస్తుంది. అమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గిన మాట నిజమే. పక్క బెంచీ పిల్లతో కబుర్లు ఎక్కువయ్యాయని టీచరు చెప్పింది. ఇంటికి తీసుకొచ్చి నేనూ అత్తయ్యా చెరో పక్కనుంచీ వాయించాం. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు రేపొస్తానంటాడు. ఆయన చెప్పే ఆ రేపు ఎప్పటికొస్తుందో మాకు తెలియదు.

"ఈ వయసులో పరుగెందుకు, నిన్నెవరు తరుముతున్నారు?" అని రాశారు. నవ్వొచ్చింది. తరిమింది బస్సే. సాయంత్రం షాపులో చివరి కళ్లద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, ఆప్రాన్ విప్పేసరికి, కంటి పరీక్షలు చేయడం నేర్పే క్లాసుకు వెళ్లే బస్సు వెళ్లిపోయేది. తరవాతి బస్సు పట్టుకుంటే వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయేది. కంటి పరీక్షల మాస్టారు ఆలస్యమైతే తలుపు తీయడు. ఒకరోజు విసుగొచ్చి, సంచీ వీపుకు తగిలించుకుని పరుగెత్తాను. రొప్పుతూ, రోజుతూ వెళ్లి కూర్చున్నాను. నేను ఎక్కాల్సిన బస్సులోని వాళ్లు నా తరవాత వచ్చారు. ఇక బస్సెక్కబుద్ధి కాలేదు.

మా క్లాసులో ఒక నర్సు ఉంది. నేను పరుగెత్తి రావడం చూసి, ఆదివారం పొద్దున్నే కొంతమందిమి పరుగెడతాం, నువ్వూ రా అంది. అలా మొదలైంది. మొదట్లో అత్తయ్య ఒంటికాలి మీద లేచారు. నలభై ఏళ్ల ఆడది వీధిలో పరుగెడితే ఏం ఎత్తుకుపోతోందో అనుకుంటారట. నేను పరుగు మానలేదు. నాలుగు వారాల తరవాత చూస్తే, నా పరుగు ప్యాంటుకు తాళంచెవి పెట్టుకునేందుకు లోపల చిన్న జేబు కుట్టి పెట్టారు. ఎందుకు కుట్టారని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అంత తేలికగా జరిగిపోయిందని అనుకోకండి. షాపు, క్లాసు, పరుగు, ఇల్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఒకరోజు ఎడమ కంటి అద్దం తీసుకెళ్లి కుడి వైపు బిగించాను. ఆ పెద్దాయన పెట్టుకుని, గోడ తన మీదకొస్తోందన్నాడు. యజమాని నన్ను కేకలేశాడు. ఇంకోరోజు పుస్తకం మీదే నిద్రపోయాను, అన్నం మాడిపోయింది. అమ్మాయి ఏమీ అనకుండా పైపైన అన్నం తీసుకుని తింది. అది తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఇక పోయిన ఆదివారం పందెం. ఇరవయ్యొక్క కిలోమీటర్లు. అమ్మాయి ఫోన్‌లో మీకు చెప్పే ఉంటుంది, పూర్తి చేశానని. ఎలా చేశానో చెప్పి ఉండదు, దానికి తెలియదు కాబట్టి.

ఈ పందేల్లో ఒక పద్ధతి ఉంది. అనుభవం ఉన్నవాళ్లు కొందరు వీపుకు జెండా కట్టుకుని పరుగెడతారు. ఎంతసేపట్లో చేరుస్తారో జెండా మీద రాసి ఉంటుంది. మనకు నచ్చిన జెండా వెనక పడితే చాలు, వాచీ చూసుకోనక్కర్లేదు, ఆలోచించనక్కర్లేదు. నేను రెండున్నర గంటల జెండా వెనక పడ్డాను. ఆయన బక్కపలచటి మనిషి, ఏదో ఆఫీసులో గుమాస్తా. వెనక పది పన్నెండు మందిమి. ఆయన ఎడమకు జరిగితే మేమూ ఎడమకు, గుంతను తప్పిస్తే మేమూ తప్పించడం. నాకు నిజంగా హాయిగా ఉంది.

సగం దూరం దాటాక ఆయన ఉన్నట్టుండి వేగం పెంచాడు. మేమూ పెంచాం. రోడ్డు దిగి రెండు వ్యాన్ల మధ్యకు దూరాడు. మేమూ దూరాం. అక్కడొక ప్లాస్టిక్ మరుగుదొడ్డి ఉంది. ఆయన తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగి, వరసలో నిలబడ్డ మమ్మల్నందరినీ చూసి, "అమ్మా, అయ్యా, దీనిక్కూడా నా వెనకే వస్తారా?" అన్నాడు. పాపం, కడుపు పాడైందట. తలుపు వేసుకున్నాడు. జెండా కొస మాత్రం తలుపు సందులో ఇరుక్కుని బయటికే ఉంది.

మాలో సగం మంది ఆగుదామన్నారు. కొందరు ముందు వెళ్తున్న ఇంకో జెండాను అందుకుందామని ఉరికారు. నేను కాసేపు నిలబడ్డాను. తలుపు వైపు చూస్తూ నిలబడడం నాకే సిగ్గనిపించి, రోడ్డెక్కి ఒక్కదాన్నే బయల్దేరాను.

ఒంటరిగా పరుగెడుతుంటే మనసు ఊరుకోదు కదా. మీ ఉత్తరమే తిరుగుతోంది. ఆ ఇంటి వెనక ఖాళీ జాగా ఉందని, అమ్మాయి గదికి రెండు కిటికీలని, "ఇక నీకీ ఉరుకులు పరుగులు ఉండవు, హాయిగా ఇంట్లో ఉండొచ్చు" అని మీరు ఎంత ప్రేమగా రాశారో అంతా గుర్తొస్తోంది. అక్కడ క్లాసూ లేదు, కళ్లద్దాల షాపూ లేదు, ఉన్నా వెళ్లాల్సిన అవసరం ఉండదని కూడా రాశారు. ముగింపు ఇంకో కిలోమీటరుందనగా, మంచినీళ్లిచ్చే పిల్ల ఒకతి గ్లాసు చాపి, "రండి ఆంటీ, రండి, వచ్చేశారు" అంది. నేను దాని మొహంలోకి చూసి గట్టిగా "రాను" అన్నాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నీళ్లు తీసుకుని, నిన్ను కాదమ్మా అని చెప్పి ముందుకెళ్లాను. జెండా మీద రాసినదానికంటే ఆలస్యంగానే చేరాను. చేరాక ఒక మూల కూర్చుని ఏడ్చాను. కాళ్లు నొప్పులనుకుని నర్సు మందు రాసింది.

ఇదండీ నా జవాబు. నేను రావడం లేదు. ఆ ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేయమని చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది మీకు ఎక్కువ కష్టంగా ఉంటుంది. మీ ఉత్తరం వచ్చిన వారంలోనే రెండో ఏడాది క్లాసులో చేరడానికి గడువు. నేను వెళ్లి చేరిపోయాను. కావాలంటే మానేయొచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీతో "చూద్దాం" అన్నన్ని రోజులూ నేను చూడాల్సిందేమీ మిగల్లేదు. ఫోన్‌లో చెప్పకపోవడానికి కారణం ఒకటే. మీ గొంతు వింటే సరే అనేస్తాను. ఆ తరవాత అక్కడికొచ్చి, అన్నం వడ్డించిన ప్రతిసారీ మీ మీద లోపల్లోపల విసుక్కుంటాను. మీకది కనబడుతుంది. మీరు అడగరు, నేను చెప్పను.

అత్తయ్యకు నిన్ననే చెప్పాను. కొడుకు దగ్గరికి వెళ్లాలని ఆవిడకెంత ఉందో మీకు తెలుసు. చేస్తున్న పని పక్కన పెట్టేశారు. తరవాత, "వాడికి కోపం వస్తుంది. రానీ. అబద్ధం మాత్రం రాయకు" అన్నారు. అమ్మాయికి ఈ ఉత్తరం పోస్టు చేశాక చెబుతాను. మీరు వచ్చి అత్తయ్యను కొన్నాళ్లు తీసుకెళ్తానన్నా, సెలవుల్లో అమ్మాయిని పంపమన్నా పంపుతాను.

ఏడాదయ్యాక వస్తానని రాయబోయి ఆగాను. అప్పుడేమనిపిస్తుందో నాకే తెలియదు. తెలియనిదానికి మాటిచ్చి మిమ్మల్ని కూర్చోబెట్టడం బాగుండదు. మీరు కోప్పడతారు, కోప్పడండి. రెండు వారాలు ఫోన్ చేయకపోయినా నేను ఏమీ అనుకోను. మూడో వారం మాత్రం చేయండి.

పెళ్లయిన కొత్తలో, మీరు మొదటిసారి గనికి బయల్దేరినప్పుడు, మీరు లేకుండా బతకలేనని చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆ మాట తప్పని తేలిపోయింది. బతకగలను, బాగానే బతుకుతున్నాను. అయినా మీరు కావాలి. చొక్కా పట్టుకున్నప్పటికంటే ఇప్పుడు ఎక్కువ కావాలి.

ఇట్లు,
మీ మీద ఏ కోపమూ లేని,
మీ భార్య