నువ్వు దాచుకున్న చేతులు

ఓలే నూకాలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ.

నిన్న మనవరాలు కుమారి నన్ను పలాస తీసుకెళ్లి సినిమా చూపించింది. దిక్కుమాలిన సినిమా. రాబోయే రోజుల కథట. ఒకడు కళ్లకు పెట్టెలాంటిది కట్టుకుంటే, చచ్చిపోయిన పెళ్లాం అందులో నవ్వుతూ కనిపిస్తుంది. అది తీసెయ్యమన్న వాళ్లందరినీ వాడు నరికి పారేస్తాడు. తెరనిండా నెత్తురు, హాలునిండా ఈలలు.

ఇంటికొచ్చాక కుమారి అంది: "తాతా, మామ్మ ఫొటోలియ్యి. నీకూ అలాగే సేయిత్తాను. మాటాడతాది కూడాను."

"ఆటిల్లో దాని సేతులున్నాయేటే?" అన్నాను.

ఆల్బం అంతా తిరగేసింది. ఒక్కదాంట్లోనూ లేవు. జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడి రసానికి నల్లబడ్డాయని, ఫొటో అంటే చాలు, చేతులు కొంగులో దాచేసేదానివి కదా.

"పోన్లే తాతా, సేసేవోళ్లే మంచి సేతులు పెట్టిత్తారు" అంది.

ఒళ్లు మండింది నాకు. "మంచి సేతులేటే? మీ మామ్మవి సెడ్డవేటి?" అని ఆల్బం లాక్కుని ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాను. అది ఏడ్చింది. ఏడవనీ.

నలభై ఏళ్లు ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టావు. తెల్ల చేతులేసుకుని ఎవతొచ్చినా గుమ్మం ఎక్కనివ్వను. ఫొటోవాడి దగ్గర దాచావు గానీ, నా దగ్గర దాచలేదు.